వివాల్డి ‘వింటర్’ రెండో భాగం: వేగం ఎంత, కీ ఏది, భావం ఏమిటి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. ఇటలీ స్వరకర్త వివాల్డి ‘ఫోర్ సీజన్స్’లో నాలుగోదైన ‘వింటర్’ కన్చర్టో (సోలో వాద్యానికీ బృందానికీ కలిపి రాసిన కృతి) రెండో భాగం వేగం ఒక యాప్‌లో 38 బీపీఎం (నిమిషానికి బీట్లు) అని, ఇంకోదాంట్లో 76 అని, మరోదాంట్లో 152 అని వస్తోంది. కీ, అంటే ఆధార స్వరమూ స్కేలూ, ఒకచోట ఇ-ఫ్లాట్ మేజర్, ఒకచోట డి మేజర్, ఇంకోచోట సి మైనర్. మూడ్ దగ్గర ‘విషాదం’ అని రాసి ఉంది. అడిగినవారి దగ్గరున్న రెండు రికార్డింగుల్లో ఒకటి 1 నిమిషం 54 సెకన్లు, ఇంకోటి 1 నిమిషం 15 సెకన్లు. కర్ణాటక వయొలిన్ వచ్చినవాళ్లు ఇప్పుడు పాశ్చాత్య పద్ధతిలో ఈ భాగం సాధన చేయాలంటే దేన్ని నమ్మాలి?

నేరుగా చెప్పేస్తాను. కీ ఇ-ఫ్లాట్ మేజర్, అందులో సందేహం లేదు. వేగం విషయంలో ఒకే అంకె లేదు గానీ, క్వార్టర్ నోట్ (ఈ భాగంలో ఒక బీట్) నిమిషానికి 46 నుంచి 54 మధ్య పెట్టుకుంటే ఈ సంగీతం తన పని తాను చేసుకుపోతుంది. భావం విషాదం మాత్రం కానే కాదు. బయట వాన పడుతుంటే ఇంట్లో నిప్పు దగ్గర హాయిగా కూర్చున్న మనుషుల తృప్తి అది. ఈ ఊహ వినేవాళ్లది కాదు, వివాల్డి అచ్చువేయించిన సానెట్‌లోనే (పద్నాలుగు పంక్తుల పద్యంలోనే) ఉంది.

మొదట వేగం సంగతి. 38, 76, 152 మూడూ ఒకే వేగం. మన లెక్కలో చెప్పాలంటే ఒకే లయకి మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. ఈ భాగంలో వయొలిన్లు బీట్‌కి నాలుగు చొప్పున, అంటే చతురశ్ర నడకలో, తీగలు మీటుతూ ఉంటాయి. బాస్ బీట్‌కి రెండు చొప్పున నడుస్తుంది. పైన సోలో వయొలిన్ బీట్ మీద, కొన్నిచోట్ల రెండు మూడు బీట్ల మీద సాగుతుంది. యాప్ అల్గారిథమ్‌కి గట్టిగా మొదలయ్యే శబ్దాలే ఆధారం. అది మీటులని పట్టుకుంటే 152, బాస్‌ని పట్టుకుంటే 76. స్కోరులో (రాసిన స్వరలిపిలో) ఉన్న బీట్ దొరికేది చాలా అరుదు. నెమ్మదైన సంగీతానికి ఏ యాప్ ఏ అంకె చూపించినా దాన్ని రెండుతోనో నాలుగుతోనో భాగించి చూడక తప్పదు.

అంతకంటే నమ్మకమైన పద్ధతి స్టాప్‌వాచ్. ఈ భాగం మొత్తం 18 బార్లు, బార్‌కి నాలుగు బీట్లు. చివరి బార్‌లో ఎవరికి తోచినంతసేపు వాళ్లు ఆగుతారు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. మొదటి స్వరం నుంచి 18వ బార్ మొదలయ్యేదాకా 17 బార్లు, 68 బీట్లు. 4080ని ఆ సెకన్లతో భాగిస్తే సగటు వేగం వచ్చేస్తుంది. 107 సెకన్లు పట్టిందంటే 38. 85 సెకన్లైతే 48. 70 సెకన్లైతే 58. ట్రాక్ మొత్తం నిడివి చూసి లెక్క కట్టొద్దు, చివర్లో నిశ్శబ్దం నాలుగైదు సెకన్లు కలిసిపోయి ఉంటుంది. మీ మొదటి రికార్డింగ్ 38 దగ్గర, రెండోది 58 దగ్గర ఉంటుందని నిడివిని బట్టే చెప్పొచ్చు.

ఇంత తేడా ఎలా వచ్చిందంటే, వివాల్డి అంకె ఇవ్వలేదు, ఇవ్వడానికి వీలూ లేదు. మెల్జెల్ అనే ఆయన మెట్రోనోమ్‌కి, అంటే బీట్ కొట్టి చూపే యంత్రానికి, పేటెంట్ తీసుకున్నది 1815లో. ఈ కన్చర్టోలు ఓపస్ 8లో భాగంగా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది 1725లో. స్కోరు మీద ఉన్నది ‘లార్గో’ అన్న ఒక్క మాట. ఈ మాటకి ఇప్పటి థియరీ పుస్తకాలు ‘చాలా నెమ్మదిగా, 40–60’ అని పట్టిక ఇస్తాయి, దాన్ని చూసి చాలామంది అందులో కింది అంకె ఎంచుకుంటారు. ఆ కాలంలో ఆ మాట అంత స్థిరంగా లేదు. 1683లో ఇంగ్లండ్ స్వరకర్త పర్సెల్ తన సొనాటాల ముందుమాటలో అడాజియో, గ్రావే రెండూ చాలా నెమ్మదైనవనీ, లార్గో మధ్యరకం నడక అనీ రాశాడు. 1721లో స్కాట్లండ్ సంగీత రచయిత మాల్కమ్ వేసిన వరుసలో గ్రావే, అడాజియో తర్వాతే లార్గో, అంటే ఆ రెంటికంటే కాస్త చురుకు. ఫ్రాన్స్‌లో బ్రొసార్ 1703లోనే దీన్ని చాలా నెమ్మది అన్నాడు. 1768 నాటికి రూసో అన్నిటికంటే నెమ్మదైనది ఇదే అని తేల్చాడు. ఒకే మాట దేశాన్ని బట్టి, దశాబ్దాన్ని బట్టి అటూ ఇటూ జరిగింది. మన సంగీత పాఠాల్లోకి వచ్చినది ఈ చివరి అర్థం.

కాబట్టి నిఘంటువుని పక్కనపెట్టి వివాల్డినే అడగడం మేలు. నాలుగు సీజన్ల మధ్య భాగాలు పక్కపక్కన పెట్టి చూడండి. స్ప్రింగ్‌లో లార్గో, సమ్మర్‌లో అడాజియో (మధ్యమధ్య ప్రెస్టో, అంటే చాలా వేగమైన, ఉరుములతో), ఆటమ్‌లో అడాజియో మోల్టో, వింటర్‌లో లార్గో. ఆటమ్‌లో తాగి నిద్రపోయినవాళ్లు ఉన్నారు, అక్కడ నిజంగా కదలిక ఆగిపోవాలి, అందుకే ‘అడాజియో మోల్టో’. ఒకే సంపుటిలో అడాజియో, అడాజియో మోల్టో కూడా వాడిన మనిషి ఇక్కడ లార్గో అన్నాడంటే, అది అన్నిటికంటే నెమ్మదైనది కాదని అనుకోవడానికి ఇంతకంటే బలమైన ఆధారం దొరకదు.

ఇంకో కొలబద్ద జర్మన్ ఫ్లూట్ విద్వాంసుడు క్వాంట్జ్. 1726లో వెనిస్‌లో వివాల్డి సంగీతాన్ని స్వయంగా విన్న మనిషి. 1752 నాటి తన పుస్తకంలో ఆరోగ్యవంతుడి నాడిని, నిమిషానికి 80గా, వేగానికి కొలతగా తీసుకున్నాడు. ఆయన లెక్కలో అల్లెగ్రెట్టోకి (కాస్త చురుకైన నడకకి) ఒక నాడికి ఒక క్వార్టర్ నోట్, అంటే 80. పాటలా సాగే అడాజియోకి ఒక నాడికి ఒక ఎయిత్ నోట్ (క్వార్టర్‌లో సగం), అంటే క్వార్టర్ 40. లార్గో అడాజియో కంటే కొంచెం ముందుకి నడిచేదైతే 40కి పైన, 80కి చాలా కింద. నేను చెప్పిన 46–54 సరిగ్గా అక్కడే పడుతుంది. ఆయన రాసింది బెర్లిన్‌లో, పాతికేళ్ల తర్వాత. దీన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు, కానీ గాల్లోంచి పుట్టిన అంకె మాత్రం కాదు.

అసలు తీర్పు ఇచ్చేది మీటే తీగలే. ఆ వరుసల మీద స్కోరులో ‘వాన’ అని రాసి ఉంది. 38లో ఒక్కో మీటుకి దాదాపు 0.4 సెకను పడుతుంది. వయొలిన్‌పై వేలితో నొక్కిపెట్టి మీటిన స్వరం ఆ లోపే చాలావరకు చచ్చిపోతుంది, ముఖ్యంగా ఇ-ఫ్లాట్‌లో, ఎందుకంటే ఇక్కడ ఖాళీ తీగలు తక్కువగా తగులుతాయి. ఫలితం, చినుకు చినుకుకీ మధ్య ఖాళీ వినిపిస్తుంది. అది వాన కాదు, చూరు నుంచి కారే నీళ్ల లెక్క. 50లో ఒక్కో మీటు 0.3 సెకను, చినుకులు ఒకదాన్నొకటి అందుకుంటాయి. 60 దాటితే ఒక్కవేలితో మీటేవాళ్ల చేయి పదో బార్‌కి బిగుసుకుపోతుంది, స్వరాలు చిన్నగా, టకటకమని పొడిగా వస్తాయి, సోలో పాడాల్సింది పోయి పరిగెడుతుంది. మంచి బృందాలు 60లోనూ అందంగా వాయించిన రికార్డింగులు ఉన్నాయి, అక్కడ వాన జోరుగా ఉంటుంది. 34–36లో వాయించేవి కూడా వినసొంపుగానే ఉంటాయి, కానీ అవి వాన ఆపేసి ఒక విలాప గీతం వాయిస్తాయి. నా అభిప్రాయంలో అది వేరే కృతి అయిపోయినట్టే.

గది కూడా చూసుకోవాలి. కార్పెట్లు, పరదాలు ఉన్న చిన్న గదిలో 52–54 పెట్టండి, శబ్దం వెంటనే ఆరిపోతుంది కాబట్టి. చర్చిలాంటి మోగే హాల్లో మీటులు కలిసిపోయి ముద్దవుతాయి, అక్కడ 46 దాకా దిగొచ్చు.

ఇక కీ. డి మేజర్ అని చూపించిన యాప్ తప్పు చెప్పలేదు, అది విన్న రికార్డింగ్ శ్రుతి వేరు. బరోక్, అంటే వివాల్డి కాలపు, వాద్యాలతో వాయించే బృందాలు చాలావరకు ‘ఏ’ స్వరాన్ని 440కి బదులు 415 హెర్ట్జ్‌కి పెట్టుకుంటాయి. అది సరిగ్గా అర స్వరం కింద. స్కోరులో ఇ-ఫ్లాట్ ఉన్నా చెవికి డి వినిపిస్తుంది. మన శ్రుతి కట్టైల లెక్కలో ఇ-ఫ్లాట్ అంటే రెండున్నర, డి అంటే రెండు. ఫోన్లో తంబూరా యాప్ తెరిచి రెండున్నరకి పెట్టి రికార్డింగ్ పక్కన వేయండి. కలిసిందంటే ఆధునిక శ్రుతి, కలవకపోతే రెండుకి మార్చి చూడండి. 415 అనేది ఈ కాలపు బృందాలు వీలు కోసం చేసుకున్న ఒప్పందం. వివాల్డి కాలపు వెనిస్‌లో శ్రుతి ఇప్పటి 440కి దగ్గరగానే ఉండేదని పాత వాద్యాలు పరిశీలించినవాళ్లు చెబుతారు. అంచేత 415లో వాయిస్తేనే అసలుది అన్న పట్టుదల ఈ కృతికి అక్కర్లేదు.

సి మైనర్ అన్న యాప్ మాత్రం పొరబడింది. ఇ-ఫ్లాట్ మేజర్‌కీ సి మైనర్‌కీ స్వరాలు అవే, ఆధార స్వరం వేరు. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జం చేసుకుంటే నఠభైరవి వస్తుంది కదా, యాప్ ఆ గ్రహభేదాన్ని విప్పలేకపోయింది. మొదటి బార్‌లో, చివరి బార్‌లో బాస్ ఎక్కడ నిలబడిందో వింటే తేలిపోతుంది.

కర్ణాటక చెవి ఉన్నవాళ్లకి ఈ కీ ఎంపికలోని అందం ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. కన్చర్టో మొత్తం ఎఫ్ మైనర్. మొదటి భాగంలో మంచు, వణుకు, భీకరమైన గాలి, టకటకలాడే పళ్లు. ఎఫ్ నఠభైరవి స్వరాలు తీసుకోండి, అందులోని నిషాదాన్ని, అంటే ఇ-ఫ్లాట్‌ని, షడ్జం చేయండి. హరికాంభోజి వస్తుంది. దాని కైశికి నిషాదాన్ని కాకలి నిషాదం చేస్తే శంకరాభరణం. వివాల్డి చేసినది అంతే. డి-ఫ్లాట్ ఒక్కటి డి అయింది. మొదటి భాగంలో ఎఫ్‌కి తీసుకెళ్లే కాకలి నిషాదంగా పదేపదే కోసిన ఇ-నేచురల్ మాయమైంది. స్వరాల్లో ఇంత చిన్న మార్పు, వినేవాళ్లకి మాత్రం బయటి చలిలోంచి లోపలికి వచ్చి తలుపు వేసుకున్నట్టు ఉంటుంది. మైనర్ కన్చర్టో మధ్య భాగానికి మామూలుగా ఎదురుచూసేది దానికి జతగా ఉండే మేజర్, అంటే ఇక్కడ ఎ-ఫ్లాట్. దానికి బదులు ఎఫ్‌కి ఒక మెట్టు కిందనున్న ఇ-ఫ్లాట్‌కి వెళ్లడం అంత మామూలు విషయం కాదు.

ఇంకొకటి గమనించాలి. నాలుగు సీజన్ల మధ్య భాగాల్లో స్ప్రింగ్‌ది సి-షార్ప్ మైనర్, సమ్మర్‌ది జి మైనర్, ఆటమ్‌ది డి మైనర్. మేజర్‌లో ఉన్నది వింటర్‌ది ఒక్కటే. ఏడాది మొత్తంలో నెమ్మదైన ఒకే ఒక్క సంతోషం అత్యంత కఠినమైన రుతువులో పెట్టాడు. దీన్ని విషాదంగా వాయిస్తే మొత్తం పన్నెండు భాగాల నిర్మాణంలోనే ఒక స్తంభం ఒరిగిపోతుంది.

‘ఇ-ఫ్లాట్ మేజర్ అంటే ఫలానా రసం’ అని చెప్పే పాత పట్టికలు ఆన్‌లైన్‌లో బాగా తిరుగుతుంటాయి. వాటిని ఇక్కడ వాడొద్దు. ఫ్రెంచ్ స్వరకర్త షార్పాంటియే 1690 ప్రాంతంలో ఈ కీని క్రూరం, కఠినం అన్నాడు. జర్మన్ సంగీత రచయిత మాథెసన్ 1713లో గంభీరం, ఆర్తి తప్ప ఇంకేదీ దీనికి సరిపడదన్నాడు. వివాల్డి అదే కీలో నిప్పు దగ్గర కూర్చోబెట్టి తృప్తి పలికించాడు. కీకి పుట్టుకతో వచ్చిన భావం లేదు. దేని తర్వాత వచ్చింది, ఏ వాద్యంపై ఎలా మోగుతుంది అన్నదాన్ని బట్టే భావం.

వయొలిన్‌పై ఇ-ఫ్లాట్ ఎలా మోగుతుందో చూడండి. పాశ్చాత్య వయొలిన్ ఖాళీ తీగలు జి, డి, ఏ, ఇ. ఈ కీలో ఇ, ఏ రెండూ ఫ్లాట్ అయిపోతాయి, అంటే పై రెండు ఖాళీ తీగలు స్కేల్‌లోనే లేవు. షడ్జానికీ పంచమానికీ ఖాళీ తీగ లేదు. మిగిలిన జి గాంధారం, డి నిషాదం. డి మేజర్‌లో వాయించినప్పుడు ఒళ్లంతా మోగే వయొలిన్ ఇక్కడ మెత్తగా, కాస్త కప్పినట్టు పలుకుతుంది. ఇంట్లో కూర్చున్న వెచ్చదనం ఈ కప్పిన నాదంలోంచే వస్తుంది. పిల్లల కోసం దీన్ని డి మేజర్‌లోకి మార్చిన సులభమైన ప్రతులతో వేళ్లు తేలిగ్గా పడతాయి, ఈ రంగు మాత్రం పోతుంది. మీరు మీ వయొలిన్‌ని రెండున్నరకి సా-పా-సా-పా కట్టి వాయించినా అంతే, షడ్జ పంచమాలు ఖాళీ తీగల మీదికి వచ్చి నాదం బాగా వెలుగుతుంది. సాధనకి పనికొస్తుంది, ప్రదర్శనకి మాత్రం జి-డి-ఏ-ఇ కట్టుకునే వాయించండి.

దీనివల్ల వచ్చే తిప్పలు కూడా ఉన్నాయి. ఫస్ట్ పొజిషన్‌లో ‘ఏ’ తీగపై ఇ-ఫ్లాట్‌ని వెనక్కి లాగిన నాలుగో వేలితో పట్టాలి. దాదాపు అందరికీ అది హెచ్చు పలుకుతుంది, పైగా అదే షడ్జం. అందుకే వీలైనచోటల్లా థర్డ్ పొజిషన్‌కి (చేయి కాస్త పైకి జరిపిన స్థానానికి) వెళ్లండి. ‘ఏ’ తీగపై మొదటి వేలు డి, దానికి ఆనించి రెండో వేలు ఇ-ఫ్లాట్, మూడో వేలు ఎఫ్, నాలుగో వేలు జి. ఇ తీగపై అదే పొజిషన్‌లో మొదటి వేలు వెనక్కి జరిపి ఎ-ఫ్లాట్. పాడే వాక్యానికి చేయి అక్కడ స్థిరంగా ఉంటుంది, ఖాళీ ఇ తీగ పొరపాటున తగిలి అరవదు. స్వరస్థానాలు సరిచూడ్డానికి డి తీగపై ఇ-ఫ్లాట్‌ని ఖాళీ జితో కలిపి, ఏ తీగపై బి-ఫ్లాట్‌ని ఖాళీ డితో కలిపి నెమ్మదిగా లాగండి. రెండు జతలూ కొట్టుకోకుండా నిశ్చలంగా నిలవాలి. రోజూ ఐదు నిమిషాలు ఇది చేస్తే మిగతాది చెవే సర్దుకుంటుంది.

హార్ప్సికార్డ్ (తీగలు మీటే పాత కీబోర్డ్ వాద్యం) ఉంటే ఒక హెచ్చరిక. పాత మీన్‌టోన్ పద్ధతిలో శ్రుతి చేస్తే ఎ-ఫ్లాట్ ఉండాల్సిన మెట్టు జి-షార్ప్‌గా ఉంటుంది, అది మధ్యమంగా పనికిరానంత కిందికి ఉంటుంది. ఎఫ్ మైనర్ భాగాలైతే ఇంకా ఘోరం. ముందే ఆ మెట్టు హెచ్చించి కట్టుకోవాలి, లేదా మెత్తబరిచిన వేరే శ్రుతి పద్ధతి తీసుకోవాలి.

సగం దగ్గర కర్ణాటక చెవి పొరబడే చోటు ఒకటుంది. రాగంలోకి ఏ-నేచురల్, అంటే ప్రతి మధ్యమం, వచ్చి కూర్చుంటుంది. కల్యాణిలోకి మళ్లిందని గమకం వేయబోతారు. కల్యాణి కాదు, షడ్జమే పంచమానికి, అంటే బి-ఫ్లాట్‌కి, జరిగింది. ఆ ఏ ఇప్పుడు బి-ఫ్లాట్‌కి నిషాదం. దాన్ని పైకి ఆనించి, బి-ఫ్లాట్ మీద కాసేపు ఇల్లు కట్టుకున్నట్టు నిలబడాలి. తర్వాత ఎ-ఫ్లాట్ తిరిగి వచ్చినప్పుడు వాక్యం మళ్లీ మొదటి షడ్జానికి వెళ్తోందని తెలియాలి. ఈ రెండు మలుపులూ శ్రోతకి తెలిసేట్టు వాయించగలిగితే రూపం దానంతట అదే అర్థమవుతుంది.

గమకాల గురించి కచ్చితంగా చెప్పాలి. శంకరాభరణం స్వరాలే అయినా ఇది శంకరాభరణ రాగం కాదు. గాంధార మధ్యమాల మీద కంపితం వద్దు, స్వరం నుంచి స్వరానికి జారు వద్దు. ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెంటినీ మార్చి మార్చి వేయడం) ఉన్నచోట పై స్వరంతో మొదలుపెట్టి, మొదట నిదానంగా, తర్వాత వేగంగా వేయండి. వైబ్రాటో మీద ఆ కాలంలోనే తగాదా ఉంది. ఇటలీ వయొలినిస్టు జెమినియాని 1751లో వీలైనంత తరచుగా వాడమన్నాడు, లియోపోల్డ్ మోట్సార్ట్ (ప్రసిద్ధ మోట్సార్ట్ తండ్రి) 1756లో ప్రతి స్వరాన్నీ ఎడతెగని జ్వరం వచ్చినట్టు వణికించేవాళ్లని మందలించాడు. ఇక్కడ పొడుగు స్వరాల మీద, స్వరం మొదలై సగం గడిచాక కొద్దిగా వేస్తే చాలు. నెమ్మది భాగాల్లో సొంత అలంకారాలు చేర్చడం ఇటలీలో మామూలే, అయినా ఈ రాగం ఇప్పటికే నిండుగా ఉంది. ఒకటి రెండు చోట్ల సంధి స్వరాలు చేర్చండి, అంతకంటే పోతే పాట కనిపించదు.

బో లెక్క వేగం లెక్కతోనే కలిసి ఉంటుంది. 50లో బార్‌కి 4.8 సెకన్లు, 38లో 6.3 సెకన్లు. బరోక్ బో కొసకి తేలిక, అక్కడికి చేరేసరికి నాదం సహజంగానే పలచబడుతుంది. ఆరు సెకన్లు ఒకే బలంతో లాగడానికి చేసిన పనిముట్టు కాదది. ఆధునిక బోతో అది సాధ్యమే, అందుకే నెమ్మది రికార్డింగులు చాలావరకు ఆధునిక వాద్యాలవి. మీరు ఏ బో వాడినా పొడుగు స్వరాన్ని చిన్నగా మొదలుపెట్టి, మధ్యలో పెంచి, చివర తగ్గించండి. మొదటి బీట్‌లోనే సగం బో ఖర్చుపెట్టేయడం ఇక్కడ అందరూ చేసే తప్పు. తర్వాత బో చాలక వాక్యం మధ్యలో దిశ మార్చాల్సి వస్తుంది, ఆ కుదుపు వినిపిస్తుంది.

బృందంలో సోలో ఎలా ఉందన్నదానికంటే కింది వరుసలు ఎలా ఉన్నాయన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. మీటేవాళ్లు బొటనవేలిని ఫింగర్‌బోర్డ్ మూలకి ఆనించి, చూపుడువేలి మెత్తటి భాగంతో, ఫింగర్‌బోర్డ్ చివరి నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు పైన తీగని పక్కకి లాగాలి. పైకి లాగితే తీగ చెక్కకి కొట్టుకుని టప్పుమంటుంది. బ్రిడ్జ్ దగ్గర మీటితే నాదం ఎండిపోతుంది. ఎడమచేతి వేలు తర్వాతి స్వరం వచ్చేదాకా గట్టిగా నొక్కి ఉంచాలి. చాలామంది మీటగానే వేలు వదిలేస్తారు, చినుకు మధ్యలోనే ఆరిపోతుంది. వరుసకి ముగ్గురు చొప్పున ఆరుగురు వయొలినిస్టులు చాలు. ఎనిమిదేసి మంది ఉంటే మీటులు ఒక్కసారి పడటం కష్టం, వాన గింజలు పోసినట్టు చెదురుతుంది.

వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) బోతో పొడుగు స్వరాలు పట్టుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ మీటులు ఆరిపోయే మధ్య ఖాళీని నింపేది అదే. వయోలా వినిపించకపోతే సోలోకీ బాస్‌కీ మధ్య గొయ్యి కనిపిస్తుంది. బాస్ ఎయిత్ నోట్లు తేలిగ్గా, విడివిడిగా ఉండాలి. బరువుగా లాగితే కవాతు అయిపోతుంది. కొన్ని రికార్డింగుల్లో చెల్లో సిక్స్‌టీన్త్ నోట్లలో (పావు బీట్లలో) చకచకా కదులుతూ వినిపించేది వాడిన ప్రతిని బట్టి. మీ చేతిలో ఉన్న ప్రతిలో ఏముందో సాధనకి ముందే అందరూ చూసుకోండి. హార్ప్సికార్డ్ ఉంటే బార్‌కి ఒకటి రెండు కార్డులు (కలిపి నొక్కే స్వరాలు) వేసి ఊరుకోవాలి, అది కూడా గలగలమంటే వాన ఏదో ఆ మోత ఏదో తెలియదు. పియానోతో వాయిస్తుంటే పెడల్ దాదాపు తాకొద్దు.

సాధన క్రమం. మెట్రోనోమ్‌ని 96కి పెట్టి దాన్ని ఎయిత్ నోట్‌గా తీసుకోండి, అది క్వార్టర్ 48. మొదటి రెండు రోజులు సోలో వాయించొద్దు. మీటే వరుసని మీరే మీటండి, ఆ మీద పాటని నోటితో పాడండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలనిపిస్తుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, బో మార్పులు చాలావరకు అక్కడే కుదురుతాయి. మూడో రోజు ఎవరైనా మీటుతుంటే, లేదా మీరు మీటి రికార్డు చేసుకున్న దాని మీద, సోలో వాయించండి. మీటులు కొంచెం కూడా కదలకూడదు. సోలోకి మాత్రం తాళంలో నిలబడి మనోధర్మంతో అటూ ఇటూ ఒరిగే స్వేచ్ఛ ఉంది, ఒక స్వరం కాస్త ఆలస్యంగా తీసుకుని తర్వాతిదాంట్లో అప్పు తీర్చేయొచ్చు. బీట్ మీద ఇద్దరూ కలవాలి, అంతే. సోలో వాలినప్పుడల్లా మీటేవాళ్లు కూడా ఆగడం మొదలైతే నాలుగు బార్లలో వేగం 42కి పడిపోతుంది. ఈ భాగం చెడిపోయేది ఎక్కువగా ఇలాగే. వాన ఇంట్లోవాళ్ల కోసం ఆగదు కదా.

భావం గురించి ఒక్కమాట. సానెట్‌లో ఈ భాగానికి ఉన్నవి రెండు పంక్తులే. నిప్పు దగ్గర ప్రశాంతంగా, తృప్తిగా రోజులు గడపడం ఒకటి, అదే సమయంలో బయట వాన వందమందిని తడిపేయడం రెండోది. రెండూ ఒకేసారి వినిపించాలి. సోలో ఇంట్లో, మీటులు బయట. అందుకే మీటుల్ని మరీ గుసగుసగా తగ్గించేసే అలవాటు నాకు సమ్మతం కాదు. బయట వాన గట్టిగా ఉంటేనే లోపలి వెచ్చదనానికి విలువ. సోలోని ముందు వరుసలో ఉంచి మీటుల్ని స్పష్టంగా, మధ్యస్థ బలంతో వినిపించండి. ట్యాగ్ రాయాల్సి వస్తే ‘విషాదం’ తీసేసి ‘ప్రశాంతం, సంతృప్తి’ అని రాయండి.

చివరి బార్ దగ్గర పెద్దగా సాగదీయొద్దు. ముందరి బార్‌లో ఆఖరి రెండు బీట్లు కొంచెం విశాలం చేస్తే చాలు. మూడో భాగం 3/8లో, ఎఫ్ మైనర్‌లో, బాస్ పట్టుకున్న ఒకే స్వరం మీద సోలో ఒంటరిగా మంచుపై అడుగులు వేస్తూ మొదలవుతుంది. మధ్యలో రెండు మూడు సెకన్లకి మించి ఆగకండి. ఈలోపు మీటినవాళ్లు బో చేతిలో సర్దుకోవాలి, చెల్లో ఎఫ్ మీద వేలు పెట్టి సిద్ధంగా ఉండాలి. సోలో వాయించేవాళ్లు ఫస్ట్ పొజిషన్‌కి దిగి, కొత్త భాగం వేగాన్ని మనసులో రెండు బార్లు లెక్కపెట్టుకుని మొదలుపెట్టాలి.